దాపట ఎద్దు కోసం నాగావళి ఒడ్డుకు

"ఎద్దంటే వంకాయేటి వదినా, తొడిమ సూసి బుట్టలో ఏసుకోడానికి?"

"నువ్వు కిందటేడు తెచ్చిన పెయ్య మాత్రం ఏటి? కొమ్ములు సూసి తెచ్చినావు, కాళ్లు సూడ్డం మర్సిపోనావు. కుంటుకుంటూ వచ్చినాది."

"అది దార్లో కుంటినాది. సంతలో కుంటలేదు."

"నిలబెట్టి సూపిస్తే ఏదీ కుంటదు. నడిపించి సూడాల."

"అలగైతే నువ్వే ఎల్లు. ఆడది ఎద్దు బేరమాడితే తుండు కింద సెయ్యెట్టనిచ్చే మగోడెవడో నానూ సూస్తాను."

"నీ తుండూ వద్దు, ఆడి సెయ్యీ వద్దు. నాకు నోరు లేదేటి?"

ఇది మా వాకిట్లో తెల్లారకుండానే జరిగిన గొడవ. నాతో మాటకు మాట అన్నవాడు మా మరిది అప్పలసామి. పక్కిల్లే. పశువుల సంగతి తనకు తెలిసినంతగా ఆ దేవుడికి కూడా తెలియదనుకుంటాడు. తుండు మాట ఎందుకొచ్చిందంటే, పశువుల సంతలో ధర పైకి చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తుండుగుడ్డ కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. పరాయి మగవాడి వేలు ఆడది పట్టుకోదు కదా, అందుకని ఆ ఎత్తిపొడుపు.

గొడవకు మూలం మా దాపట ఎద్దు. కాడికి ఎడమ వైపు కట్టేది దాపట ఎద్దు, కుడి వైపు కట్టేది ఎలపట ఎద్దు. ఒక వైపు అలవాటైన ఎద్దును రెండో వైపు కడితే అడుగు వెయ్యదు. వైశాఖంలో మా దాపటది జబ్బు చేసి పోయింది. ఎలపటది ఒక్కటీ పశువుల సాలలో నిలబడి గోడను చూస్తోంది. ఏరువాక పున్నమికి పది రోజులుంది. తొలకరి పడ్డాక ఎవరి ఎడ్లు వాళ్లకే కావాలి, నాకెవరిస్తారు? ఆయన పోయిన దగ్గర్నుంచీ ఆ మూడెకరాలూ నేనే చూసుకుంటున్నాను. కొడుకు జూట్ మిల్లు కూత వింటేనే కదులుతాడు, పొలం పని వాడికి పట్టదు. దాపట నడిచే ఎద్దు దొరక్కపోతే ఆ ఏడాది పొలం బీడే.

మా దగ్గర సంతల్లో ఒంటి ఎద్దు నాలుగు వందల పైన చెబుతున్నారు. కొండ ఎద్దులు పొట్టివైనా గట్టివనీ, మేత తక్కువ తింటాయనీ, ధర కూడా తగ్గుతుందనీ విన్నాను. పార్వతీపురం దాటాక లింగాలపేటలో మా ఊరి ఆడపిల్ల గురమ్మ కాపురముంది. అక్కడ వారానికోసారి పెద్ద సంత. అరిచినంతసేపూ అరిచి, చివరికి అప్పలసామి ముల్లుకర్ర పట్టుకుని నా వెనకే బయలుదేరాడు.

బండిలో

పొందూరులో ఎక్కి విజయనగరంలో దిగి రాయగడ పాసింజరు పట్టుకున్నాం. అప్పలసామి చేతిలో కర్ర చూసి టికెట్లు చూసే బాబు ఆగాడు. దక్షిణపు జిల్లాల మాట అతనిది.

"ఏమయ్యా, కర్ర ఉంది, ఎద్దేదీ?"

"కొనడానికే ఎల్తన్నాం బాబూ."

"మంచిది. వచ్చేటప్పుడు దాన్ని ఈ పెట్టెలో ఎక్కించకు. కూర్చోడానికి మనుషులకే చోటు లేదు."

పెట్టె అంతా నవ్వింది. అప్పలసామి కర్రను బల్ల కిందికి తోసేశాడు.

మా ఎదురుగా ఒకామె మూడు కోళ్లను బుట్టలో పెట్టుకుని కూర్చుంది. అడ్డపొగ తాగుతోంది, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మా వైపు ఆడవాళ్లకూ ఉన్న అలవాటే. నేను మాత్రం చుట్టల ధర పెరిగాక మానేశాను. కిటికీ దగ్గర కూర్చోవద్దని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. డబ్బిచ్చి టికెట్ కొన్నాక కిటికీ ఎందుకు వదులుకోవాలని నేను కదల్లేదు. గజపతినగరం రాకుండానే ఇంజను బొగ్గు నలుసు కంట్లో పడింది. ఆమె చుట్ట పక్కన పెట్టి, చెంగు కొన వేలికి చుట్టి, నోటి ఆవిరి పట్టి, ఒక్క తుడుపులో తీసేసింది.

"రెండుసార్లు సెప్పినాను కదప్పా," అంది.

"ఇన్నాను. సోటు బాగున్నాది మరి," అన్నాను.

తర్వాత ఇద్దరం చోట్లు మార్చుకున్నాం. ఆమె కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. ఆ పని నాకెందుకు తోచలేదో!

బొబ్బిలిలో బండి చాలాసేపు ఆగింది. నా మూటలో చద్దన్నం, ఆవకాయ ఉన్నాయి. అప్పలసామికి నలుగురిలో చద్దన్నం తినడం నామోషీ. టీ తాగొస్తానని దిగాడు. గ్లాసు టీ పదిహేను పైసలట. రెండణాలకు పైమాటే. పైసల లెక్క వచ్చి ఇన్నేళ్లయినా నేను అణాల్లోకి మార్చుకుంటే గాని ఖరీదు బోధపడదు. అతడు మొదటి గుక్క వేశాడో లేదో బండి కదిలింది. గ్లాసుతోనే పరుగు. వెనక టీ మనిషి "గ్లాసు! గ్లాసు!" అని పరుగు. టీ ఒలకకుండా ఎక్కాలని మా వాడి తాపత్రయం. చివరికి టీ అంతా పంచె మీద పోసుకుని, గ్లాసు ప్లాట్‌ఫారం చివర పోర్టరు చేతిలో పెట్టి ఎక్కాడు. ఆవకాయ ముక్కొకటి అతని వైపు జరిపాను. తిన్నాడు.

లింగాలపేట

పార్వతీపురం దాటాక కొండలు రెండు వైపులా దగ్గరికొచ్చేశాయి. ఒక పక్క నాగావళి, పట్టాలతో పోటీ పడినట్టు వంపులు తిరుగుతుంది. లింగాలపేట ఈ రెండింటి మధ్య ఇరుక్కున్న ఊరు. ఒకటే పొడుగు వీధి. ఇళ్ల ముందు పట్టాలు, వెనక ఏరు. మధ్యలో దొరికిన నేల చెక్కలో కూరమళ్లు. పెద్ద చేలన్నీ ఏటి అవతల కొండవాలున మెట్లు మెట్లుగా ఉన్నాయి. కొన్ని చెక్కలు మా వాకిలి కన్నా చిన్నవి.

గురమ్మ పెనిమిటి దాలయ్య రైల్వేలో గ్యాంగుమేను. నాలుగు నెలల కిందటే బదిలీ మీద ఇక్కడికొచ్చాడు. క్వార్టరు వెనక ఏటి ఒడ్డున కాస్త చెక్క కౌలుకు తీసుకుని, ఒక ముసలి ఎద్దును కూడా పెట్టుకున్నాడు. పక్కవాళ్ల ఎద్దుతో కలిపి దున్నుకుంటాడట. నన్ను చూసి గురమ్మ "పిన్నీ!" అని కావిలించుకుంది. వాళ్ల స్టేషను మాస్టరు గురించి చెప్పి మమ్మల్ని నవ్వించింది.

"ఆ బాబుది బీమవరం పక్క. వచ్చిన కొత్తల్లో ఎవర్ని పిలిచినా 'ఏటి? ఏటి?' అన్నారట. 'ఏటి గురించి నేనేమీ అడగలేదే, మీ ఏరు నాకూ కనిపిస్తోంది' అన్నాడంట!"

అక్కడ గడియారం అక్కర్లేదు. గూడ్సు పోయాక పాలు పితుకుతారు. పైకెళ్లే పాసింజరు కూసినప్పుడు పొయ్యి మీద ఎసరు పెడతారు. తిండి అడ్డాకుల విస్తళ్లలోనే. గిన్నెలు తోమే పని లేదు, నీళ్లు మోసే పని సగం తగ్గింది. ఇంటికొచ్చాక నేనూ అదే మొదలుపెట్టాను. ఆ పూట చోడి సంకటి, అదే రాగి సంకటి, వెదురు కొమ్ముల కూర. మొదట వాసన చూసి భయపడ్డాను. రెండోసారి అడిగి వేయించుకున్నాను. మా దగ్గర రూపాయిన్నర చెప్పే పనసకాయ అక్కడ అర్ధరూపాయి. పట్టుకెళ్లేవాడుంటే నాలుగు కొందును. మోయమంటే అప్పలసామి కొండల వైపు చూశాడు.

సంత

మర్నాడు పొద్దున్నే ఏటి ఇసకలో సంత. చింతపండు, పసుపు, చీపుళ్లు ఒక వైపు, పశువులు ఒక వైపు. అప్పలసామి తుండు పరిచి మూడు ఎద్దులకు బేరమాడాడు. లోపల వేళ్లు కదులుతుంటే పైన అతని కనుబొమలు కదిలేవి. ధర ఎంతో నాకే తెలిసిపోయింది, అమ్మేవాడికి తెలియదా? మూడుసార్లూ వద్దని తలూపాను.

ఏటి గట్టు దగ్గర ఒకామె ఎర్రటి పొట్టి ఎద్దును పట్టుకుని కూర్చుంది. నా ఈడే ఉంటుంది. పేరు సుక్కమ్మ, ఏటవతల పల్లె. రెండు జతలున్నాయి, మేత చాలక ఒకదాన్ని అమ్ముతోంది. అప్పలసామి అలవాటు చొప్పున తుండు తీశాడు.

"ఆ గుడ్డ మడిచి బుజం మీదేసుకో బాబూ. నా సెయ్యి నీకెందుకిస్తాను?" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. నేను ఆమె ఎదురుగా ఇసకలో చతికిలబడ్డాను. ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, తన పైట చెంగు లాగి ఇద్దరి చేతుల మీదా కప్పింది. ఆ చెయ్యి నా చెయ్యిలాగే గరుకు. మొదట వందలకు, తర్వాత పదులకు వేళ్లు. నేను మూడు వేళ్లు పట్టుకున్నాను. ఆమె నాలుగో వేలు కూడా నా చేతిలో పెట్టింది. దాన్ని విదిలించేశాను. మళ్లీ పెట్టింది, మళ్లీ విదిలించాను. మగవాళ్లంతా మూగి మా మొహాలు చూస్తున్నారు. మా మొహాల్లో ఏముంటుంది, ముడతలు తప్ప! చివరికి మూడు వేళ్ల దగ్గర ఆగి, పదుల్లో రెండు వేళ్లు ఒప్పుకున్నాను. చెంగు తీసేసింది.

డబ్బు చేతిలో పెట్టేముందు పళ్లు చూశాను. ఇసకలో పది చుట్లు నడిపించాను. అసలు మాట అడిగాను.

"దాపట నడుస్తాదా?"

"నడుస్తాది."

"సూటిగా సెప్పు."

"నడుస్తాదన్నాను కదప్పా. నువ్వడిగినావు, నాను సెప్పినాను."

పలుపు నా చేతికొచ్చింది. ఒకసారి పలుపు చేతులు మారాక అక్కడ బేరం వెనక్కి పోదు. ఎద్దును తోలుకుని గట్టెక్కుతుంటే మధ్యాహ్నం పాసింజరు వంతెన మీదికొచ్చి కూసింది. ఎద్దు ఉన్నచోటే ఆగిపోయింది. మెడ కుడి వైపు తిప్పి ఎవరి కోసమో చూసినట్టు చూసింది.

"రైలుకు బెదిరినాది," అన్నాడు అప్పలసామి. బెదిరినట్టు లేదు గాని, నేనూ పట్టించుకోలేదు.

కాడి కట్టి చూస్తే

భోజనాలయ్యాక దాలయ్య అన్నాడు, "అత్తా, నా ముసలోడు ఏ పక్కైనా నడుస్తాడు, ఆడితో జత కట్టి రెండు సాళ్లు తోలి సూద్దునా?" మంచిదే అన్నాను. దాపట కట్టాడు. కొత్త ఎద్దు కాడి కిందకు మెడ పెట్టనే లేదు. బలవంతాన పెడితే పక్కకు తిరిగి, ముసలి ఎద్దు చుట్టూ వచ్చి, కుడి వైపు నిలబడింది. మళ్లీ లాక్కొచ్చాం, మళ్లీ కుడి వైపే వెళ్లింది. విసుగొచ్చి ఎలపట కట్టి చూశాడు. తాడు పట్టుకోకుండానే నాలుగు సాళ్లు తిన్నగా నడిచింది.

ఎలపట ఎద్దు ఇంటి దగ్గర ఉండనే ఉంది. రెండు ఎలపటలు పెట్టుకుని ఏ పొలం దున్నను?

"నడిపించి సూడాలన్నావు వదినా. నడిపించినావు. కట్టి సూడ్లేదు," అన్నాడు అప్పలసామి.

"నోర్ముయ్యి. బేగి రా," అన్నాను.

ఏటవతల

ఏరు మోకాలి లోతు. నడుమ రాయి మీద జారి కూర్చుండిపోయాను. చీరంతా తడిసింది. ఆ తడిచీరతోనే, అప్పలసామి ఎద్దును తోలుకొస్తుంటే, సుక్కమ్మ పల్లెలోకి వెళ్లాను. ఆమె వాకిట్లో చోళ్లు చెరుగుతోంది. వీధి మధ్యన నిలబడి గొంతెత్తాను.

"దాపటన్నావు! ఎలపటది అంటగట్టినావు! ఊరుగాని ఊరుదాన్నని మోసం సేసినావు!"

ఇళ్లలోంచి జనం బయటికొచ్చారు. పక్కింటి ముసలాయన చేతికర్ర నేలకు తాటించి, "అమ్మా, సుక్కమ్మ మాట మీద ఈ ఊరు పశువులమ్ముకుంతాది. నువ్వామాటనేసి ఎల్లిపోతే, వచ్చే సంతకి మా పలుపట్టుకునేవోడుండడు. సూసి మాటాడు," అన్నాడు.

సుక్కమ్మ చేట కింద పెట్టింది. కోపం లేదు. మొహం మాత్రం ఎర్రబడింది.

"ఏ ఏల కట్టినారు?"

"బోజనాలయ్యాక."

"మజ్జానం బండి ఎల్లాకా?"

"ఎల్లాకే. అయితే ఏటి?"

ఆమె కూర్చున్నచోటే నవ్వడం మొదలుపెట్టింది. వీధంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ముసలాయనే విడమరిచి చెప్పాడు. కొండవాలు చెక్కలు చిన్నవి, నాలుగడుగులకోసారి ఒకే వైపు మలుపు. మలుపులో బయటి వైపు ఎద్దు ఎక్కువ నడవాలి, అదే అలిసిపోతుంది. అందుకని మధ్యాహ్నం బండి కూయగానే కాడి విప్పి, మేతేసి, ఎద్దుల్ని అటుదిటూ ఇటుదటూ మార్చి కడతారు. ఈ ఎద్దు పొద్దున్న దాపట, బండెళ్లాక ఎలపట. దూడప్పటి నుంచీ అంతే.

"ఎద్దుకు రైలు టైములేటి?" అన్నాను.

"మీ మడుసులకు లేవేటి?" అంది సుక్కమ్మ. "నువ్వు దాపట నడుస్తాదా అన్నావు, నడుస్తాదన్నాను. ఎలపట నడుస్తాదా అనడిగితే, అదీ నడుస్తాదందును. ఈ ఊళ్లో ఎవులూ అడగరు మరి. అందరికీ తెల్సు."

"నాను నమ్మను."

"నమ్మకు. రేపు పొద్దున్న ఈ ఈదోలందరి ముందూ దాపట కడతాను. నడవకపోతే నీ డబ్బట్టుకుని ఎల్లిపో, ఎద్దునిక్కడొగ్గేసి."

"నడిస్తే?"

"నడిస్తే ఏటి సెయ్యాలో నువ్వే సూసుకో. పెద్దదానివి."

పొద్దుగూకుతోంది, తడిచీరతో మళ్లీ ఏరు దాటలేను. సుక్కమ్మే పొడిచీర తెచ్చి ఇచ్చింది. అంబలి ముంత ముందు పెట్టింది. మోసగత్తె అన్న నోటితో ఆమె ఇంట అంబలి తాగనన్నాను.

"తాగకపోతే రేపు నాగలి ఎనక నడవలేవు. తాగేసి తిట్టు," అంది.

తాగాను. చోడి అంబలిలో పుల్ల మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ. బాగుంది. బాగుందని అప్పుడు చెప్పలేదు.

మా వైపు ఎండకు పొద్దెక్కగానే కాడి విప్పేస్తామని, మధ్యాహ్నం మీద దున్నడమే లేదని మాటల్లో చెప్పాను. సుక్కమ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

"అయితే నీకు పొద్దుటి ఎద్దే గావాల. నాను పొద్దుటి ఎద్దూ మజ్జానం ఎద్దూ కలిపి అమ్మినాను. సగం ఎద్దు ఊరికే ఇచ్చేసినట్టే!"

అప్పలసామి పగలబడి నవ్వాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నిజమైతే పొలం గట్టెక్కుతుంది, కానీ ఆమెను నేనన్న మాట మిగిలిపోతుంది. అబద్ధమైతే నా మాట నిలుస్తుంది, పొలం పోతుంది. ఏది కావాలని కోరుకోను? పొలమే కావాలనుకున్నాను.

మర్నాడు పొద్దున్న

తెల్లవారేసరికి వీధి వీధంతా చెక్క గట్టు మీద కూర్చుంది. సుక్కమ్మ తన ఇంకో ఎద్దును ఎలపట నిలబెట్టింది. ఎర్రదాని పలుపు విప్పి వదిలేసింది. అది తనంత తానే నడిచొచ్చి, దాపట నిలబడి, కాడి కిందకు మెడ వంచింది. అప్పలసామి మేడి పట్టుకున్నాడు. మూడు సాళ్లు, మూడు మలుపులు. ఎక్కడా ఆగలేదు.

నేను లేచి చెక్క మధ్యలోకి వెళ్లాను. ముందు రోజు ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగానే చెప్పాను.

"ఇనండి అందరూ. సుక్కమ్మ సెప్పింది నిజం. మోసమన్నది నాను. తప్పు నాది."

ముసలాయన తలూపాడు. అప్పలసామి నన్ను కొత్తగా చూసినట్టు చూసి, చూపు తిప్పుకున్నాడు.

సుక్కమ్మ కాడి విప్పి పలుపు నా చేతికిచ్చింది.

"ఇనపడింది. ఎండెక్కకముందే ఏరు దాటండి," అంది.

దాటాం.